మూడు గంటల తప్తపాణి

బరంపురం పాత బస్టాండు దాటి
ఎడం పక్క, నిమ్మకాయ పచ్చడి కొట్టు ముందు
నా జీపు.
ఎక్కీయండి బాబూ, తొమ్మిది మందికి పడుతుంది,
పదకొండు మందిని పట్టించిన రోజులున్నాయి.

ముందే చెప్పీస్తాను:
అక్కడ గుడ్డు ఉడకదు.
ప్రతి ట్రిప్పులోనూ ఒకరుంటారు, సంచిలో గుడ్లతో.
ఉడికేది మోకాలు, అంతే.
అదీ అరగంట ఓపిక పడితే.

దిగపహండి దగ్గర టీ.
టీ బాగోదు, కొట్టువాడు మా తోడల్లుడు.
అక్కడి నుంచి కొండ.
గుగ్గిలం చెట్లు రోడ్డు మీదికి వంగి
పైన కట్టిన సామాన్లు లెక్కపెడతాయి.
మలుపుల్లో పిల్లలకి కడుపులో తిప్పుతుంది,
కవర్లు సీటు కిందున్నాయి.

ముందు ముక్కు చేరుతుంది, తర్వాత మనం.
దీపావళి మర్నాడు వీధి వాసన.
గంధకం, అంటారు చదువుకున్నవాళ్ళు.
అమ్మవారి ఊపిరి, అంటుంది
తువ్వాళ్ళు అద్దెకిచ్చే కుంతొలా బెహెరా.
మాట ఉచితం, తువ్వాలు పది రూపాయలు.

ఇక చూడవలసినవి:
దేవి గుడి, చెప్పులు విప్పి.
దుప్పుల పార్కు, దుప్పులు లేస్తే.
టూరిస్టు బంగళాలో గొట్టంలోంచి వేడినీళ్ళు దిగే తొట్టి,
కొత్త పెళ్ళివాళ్ళు తలుపేసుకుని మరీ చూస్తారు.
అడుగున గింజ చేతికి తగిలితే కడుపు పండుతుందని
బురదలో దేవుకునే ఆడవాళ్ళూ ఉంటారు.
వాళ్ళని మాత్రం ఫోటో తీయకండి.
టైముంటే చంద్రగిరి,
టిబెట్ వాళ్ళ మఠం, ఎర్రబట్టల కుర్రసన్యాసుల బంతాట.
అక్కడి బుద్ధుడికి నేను దండం
తెలుగులో పెట్టాలో ఒడియాలో పెట్టాలో
ఇంకా తేలలేదు.

ఇదీ నా పాఠం. పంతొమ్మిదేళ్ళుగా
తెలుగులో ఒకసారి, ఒడియాలో ఒకసారి,
బెంగాలీ వాళ్ళొస్తే రెండూ కలిపి.

మొన్న చలికాలం చౌడయ్య అని ఒకాయన ఎక్కాడు.
పట్టుమగ్గం దిగి తొమ్మిదేళ్ళట.
వేళ్ళు, ఎండిన అల్లం కొమ్ములు.
గుడి దగ్గర ఆపితే దిగలేదు.
దుప్పులంటే
"ఎన్ని అంచుల మీద నేశానో, తెలుసులే" అన్నాడు.

గుండం మెట్టు మీద కూర్చుని
పంచె మోకాళ్ళ పైకి మడిచి
నీళ్ళల్లోకి కాళ్ళు దించాడు,
గుంటమగ్గంలోకి దించినట్టే.
నేను బీడీ ముట్టించుకుంటున్నాను.
అప్పుడు చూశాను,
నీళ్ళ కింద ఆ కాళ్ళు
ఒకటి తొక్కి ఒకటి వదులుతున్నాయి.
కుడి, ఎడమ. కుడి, ఎడమ.
ఒళ్ళో చేతులకి ఆ సంగతే తెలీదు.
ఆవిరి నిలువుగా లేస్తోంది,
అడ్డంగా గాలొస్తే తెగుతోంది,
ఎవరతుకుతున్నారో, మళ్ళీ లేస్తోంది.

"ఏటా కెలకడం, బురద లేస్తంది!"
తానమాడుతున్న లావుపాటాయన కసిరాడు.
కాళ్ళు ఆగాయి.
ఆయన అటు తిరగ్గానే
మళ్ళీ కుడి, ఎడమ.

జీపులోంచి హారన్ కొట్టారు.
జీపు నాది, హారన్ నాది, కొట్టింది వాళ్ళు.
మఠం మూసేస్తారట, చీకటి పడిపోతుందట.
పిలవడానికే వెళ్ళాను.
భుజం తడదామని చెయ్యి చాచి
ఎందుకో పక్కన కూర్చుండిపోయాను.
పంతొమ్మిదేళ్ళలో ఆ నీళ్ళు
నా కాళ్ళకి తగలడం అదే మొదలు.
నా కుడికాలు కాసేపు బ్రేకు వెతుక్కుంది.

"రాత్రి కూడా ఇలాగే కాగుతాయా ఇవి?" అడిగాడు.
"ఎవరూ లేకపోయినా?"

ఏమో.
ఆరు దాటితే నేనిక్కడ ఉండను,
నా బండికి వెలిగేది ఒక్క కన్నే,
ఘాట్ రోడ్డుకది చాలదు.
ఆ మాటే చెప్పాను.
ఆయన తలూపి, పంచె దింపుకుని,
నా కన్నా ముందు నడిచి జీపెక్కాడు.

తిరుగుదారంతా సీటు తడి.
పక్కన కూర్చున్నావిడ
ఛార్జీ ఇరవై తగ్గించమంది.